భయం గింజ

ధనుంజయ యుద్ధం నుంచి తిరిగివచ్చిన రోజున, ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగుతూనే, ఎవరో విసిరిన చెప్పు వచ్చి అతని చెంపకు తగిలింది.

ప్లాట్‌ఫారం నిండా జనం. కాలేజీ పిల్లలు, ముసలివాళ్ళు, చంకలో బిడ్డలతో ఆడవాళ్ళు. 'ఎవరి కోసం ఈ యుద్ధం?' అని రాసిన అట్టలు పట్టుకుని అరుస్తున్నారు. కర్దూన్ అనే కొండల దేశం ఎక్కడుందో వాళ్ళలో చాలామందికి తెలియదు. ఎవరో మిత్రదేశం అడిగిందని మన ప్రభుత్వం అక్కడికి సైన్యాన్ని పంపింది. ఎందుకని అడిగితే ఒక్కో మంత్రి ఒక్కో కారణం చెప్పాడు. అక్కడ ఒక బడి మీద బాంబులు పడి పిల్లలు పోయారన్న వార్త వచ్చాక ఊళ్ళు భగ్గుమన్నాయి. ఇంటికో కుర్రాణ్ణి మిలటరీకి పంపిన పల్లెల్లో ఇప్పుడు భర్తీకి వెళ్ళేవాడే లేడు. యూనిఫాం వేసుకున్నవాడికి అద్దెకు ఇల్లు దొరకడం లేదు.

ధనుంజయ కోసం అతని భార్య అమ్మాజీ, కూతురు కల్యాణి, అక్క హైమవతి స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. చెప్పు తగలడం ముగ్గురూ చూశారు. ధనుంజయ తల తిప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, కనీసం రెప్ప వెయ్యలేదు. వంగి చెప్పు తీసుకుని, నేరుగా జనంలోకి నడిచాడు. జనం రెండు పాయలుగా చీలారు. ఒంటికాలి చెప్పుతో ఉన్న కుర్రాడి ముందు ఆగి, చెప్పు అతని పాదం దగ్గర పెట్టాడు.

"నీదేనేటి తమ్ముడూ? కాలు కాల్తాది, తొడుక్కో" అన్నాడు.

ఆ కుర్రాడు చెప్పు వదిలేసి పరిగెత్తాడు. అరుపులు ఆగిపోయాయి.

"నాన్నకి బయమే లేదు!" అని కల్యాణి చప్పట్లు కొట్టింది.

హైమవతికి మాత్రం అనుమానం వచ్చింది. ఆమె మనుషుల మధ్యనుంచి తోసుకుంటూ వెళ్ళి తమ్ముణ్ణి కౌగలించుకుంది. కౌగలింతలోనే అతని కుడిచెవి వెనక వేలితో తడిమింది. చర్మం కింద నువ్వుగింజంత గట్టిదనం తగిలింది. అది గింజకు కట్టిన తీగ కొస. అంటే గింజ లోపలే ఉంది. దాన్ని తీయకుండానే ఇంటికి పంపేశారు.

*

ఆ గింజను కనిపెట్టింది హైమవతే.

విశాఖలో, సముద్రం కనబడే కొండ మీద ఆమె ప్రయోగశాల. పెద్ద తుఫానులో కొడుకును, పడవను పోగొట్టుకున్న పోలయ్య అనే జాలరి ఆమె మొదటి రోగి. బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే చాలు, అతను మంచం కిందకు దూరేవాడు. అతని చెవి వెనకనుంచి సూది దింపి, మెదడు అడుగున, భయం పుట్టే చోటుకు చేరువలో హైమవతి గింజను పెట్టింది. అక్కడినుంచి లేచే సంకేతాన్ని అది లేస్తూ ఉండగానే నొక్కేస్తుంది. నెల తిరక్కుండా పోలయ్య వేటకు వెళ్ళాడు. ఆరునెలల తరవాత గింజ తీసేసింది. అప్పటికే అతనికి సముద్రం మళ్ళీ అలవాటైంది. తీసిన రోజున అతను తెచ్చిచ్చిన వంజరం చేపను వండుకుని తింటూ ఆమె ఏడ్చింది.

ఆ తరవాతే 'అభేద్య' సంస్థ అధిపతి జయసింహ ఆమె గదికి వచ్చాడు. సైన్యానికి సరంజామా తయారుచేసే సంస్థ అది. యుద్ధానికి వెళ్ళే సైనికులకు గింజలు కావాలని అడిగి, టీ తాగుతూ ఆమె చెప్పినవన్నీ విన్నాడు.

"ఒక్క సంగతి మరిచిపోకూడదు" అంది హైమవతి. "ఇంటికి పంపేముందు ప్రతి ఒక్కరికీ గింజ తీసెయ్యాలి. ఏడాది దాటితే నరాల్లో పెనవేసుకుపోతుంది. అప్పుడు నేను కూడా తియ్యలేను."

"మా మాట మీద నమ్మకం లేదా డాక్టర్?" అని జయసింహ నవ్వాడు.

ఆమె నమ్మింది. తమ్ముడి దళం బయలుదేరే ముందు, అతను వచ్చి కుర్చీలో కూర్చుని, "ఎవుడో పెట్టడమెందుకప్పా, నీ చేత్తోనే పెట్టు" అన్నాడు. బాంబుల మధ్య తమ్ముడు వణకకుండా ఉంటే చాలనుకుని ఆమే పెట్టింది.

ఇప్పుడు స్టేషన్ నుంచి ఇంటికి వెళ్ళకుండా ధనుంజయను నేరుగా విశాఖకు, ప్రయోగశాలకు తీసుకువెళ్ళి, తలను తెర మీద చూసింది. గింజ చుట్టూ నరాలు వేరు అల్లుకున్నట్టు అల్లుకుని ఉన్నాయి. గడువు ఏనాడో దాటిపోయింది.

"ఎందుకు తియ్యలేదురా?"

"మల్లీ పంపుతారంటప్పా. కొత్తవోలు రావట్లేదు గదా. బయం లేనోడైతే రానని అనడు" అన్నాడు ధనుంజయ తేలిగ్గా. "నన్నడిగారు. సరేనన్నాను."

*

ఇల్లు మారడం వాళ్ళకు అలవాటైంది. మొదటి ఇంటాయన, వీధిలో అందరూ మాటలంటున్నారని ఖాళీ చెయ్యమన్నాడు. రెండో ఇంటి గోడ మీద ఎవరో 'పిల్లల్ని చంపినవాడి కొంప' అని బొగ్గుతో రాశారు. బడిలో కల్యాణి పక్కన కూర్చోవద్దని పిల్లలకు ఇళ్ళల్లో చెప్పి పంపారు. అమ్మాజీ సంతకు వెళితే కూరగాయలామె ఆమె సంచీ వైపు చూడకుండా పక్కవాళ్ళతో బేరమాడేది.

"బడి మీద బాంబేసింది మీరేనేటి?" అని అమ్మాజీ ఒకరోజు భర్తను అడిగేసింది.

"మేం కాదు. మేం ఆ తరవాత ఎల్లాం. శవాలు తీసినాం" అన్నాడతను. "అందులో మన కల్యాణి అంత పిల్ల ఉన్నాది. దాన్ని ఎత్తినప్పుడు ఏడుపొచ్చినాది గానీ, మన పిల్లకి ఇలగైతే అన్న దిగులు రాలేదు. అప్పుడే అనుకున్నాను, ఇదేటో తేడాగున్నాదని."

ఇంట్లో అతని మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచవలసి వచ్చేది. కాలుతున్న మూకుడును ఉత్త చేత్తో దించేవాడు. బొబ్బలు లేచాక నొప్పి అనేవాడు, మర్నాడు మళ్ళీ దించేవాడు. లారీలు పోతుండగా రోడ్డుకు అడ్డంపడి నడిచేవాడు. కోపం ఉంది, నవ్వు ఉంది, పిల్ల మీద ప్రాణం ఉంది. పిల్లకు ఏమైనా అవుతుందేమోనన్న బెదురు ఒక్కటే లేదు. కల్యాణికి అది పండగలా ఉండేది. డాబా పిట్టగోడ మీద నడుస్తానంటే నడవనిచ్చే తండ్రి ఏ పిల్లకుంటాడు!

ఒక ఆదివారం పిల్లను కళింగపట్నం సముద్రానికి తీసుకువెళ్ళాడు. అమ్మాజీ జ్వరంతో పడుకుని ఉంది, ఆపలేకపోయింది.

సాయంత్రం హైమవతి పరుగున ఆసుపత్రికి వెళ్ళేసరికి ధనుంజయ వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఇంకా ఉన్నాయి. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతు మాత్రం మామూలుగా ఉంది.

"సూస్తానే ఉన్నానప్పా. కెరటం ఎనకాల ఎల్తంది. అక్కడ లోతని నాకు తెలుసు. లెగాలని తోచలేదు. వచ్చేస్తాదిలే అనుకున్నాను. దాని సెయ్యి ఒక్కటే కనబడింది, అప్పుడూ గుండెలో ఏటీ అనలేదు. జాలరోలు కేకలేసుకుంటా పరిగెత్తుతుంటే, ఈల్లెందుకిలా పరిగెడుతున్నారు అనుకున్నాను."

హైమవతి లోపలికి వెళ్ళబోయింది.

లోపలినుంచి అమ్మాజీ వచ్చింది. భర్త వైపు చూడలేదు. ఆడబడుచు ముందు నిలబడి, "నీ తమ్ముడు బతికొచ్చినాడు వదినా. నువ్వెట్టిన గింజ బతికించినాది" అంది. "నా పిల్లని ఎవరు బతికిత్తారు?"

పదోరోజు కాగానే అమ్మాజీ నరసన్నపేటలో పుట్టింటికి వెళ్ళిపోయింది. వీధిలో వాళ్ళు పరామర్శకు రాలేదు. అక్కడ ఒకరి పిల్లల్ని చంపినందుకు ఇక్కడ వీడి పిల్ల పోయిందని కుళాయి దగ్గర అనుకున్నారు. ఆ మాట, తమ్ముడికి తోడుగా వచ్చి ఉన్న హైమవతి చెవులారా వింది. చేతిలో ఉన్న బిందెతో వాళ్ళ తలలు పగలగొట్టాలనిపించింది. కానీ వాళ్ళు ఎవరు? యుద్ధం వద్దన్నవాళ్ళు. వాళ్ళను కాదు. ఆమెకు కావలసిన తల వేరొకటి ఉంది.

*

ధనుంజయలాంటి వాళ్ళు ఊరూరా బయటపడ్డారు. ఒకడు మంటలంటుకున్న గ్యాసు బండను చంకన పెట్టుకుని బజారంతా నడిచాడు. ఒకడు బావి లోతెంతో చూద్దామని దూకాడు. వాళ్ళ తలల్లో గింజలున్నాయని తెలిశాక జనం కోపం మెల్లగా దారి మార్చుకుంది. నిన్నటిదాకా సైనికుల మీద చెప్పులు విసిరినవాళ్ళే, వాళ్ళ తల్లులతో కలిసి రోడ్డు మీద కూర్చున్నారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు.

జయసింహ సంఘం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గింజ తీయాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తీయకపోదుమా?"

హైమవతి లేచి తాను చెప్పానంది. ఎక్కడ, ఎవరి ఎదుట అని అతని లాయరు అడిగాడు. ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. తన తప్పు కప్పుకోవడానికి ఈవిడ పెద్దమనిషి మీద నింద వేస్తోందని లాయరు అన్నాడు. అందరూ ఆమె వైపు అనుమానంగా చూశారు. బయటకు వస్తుంటే జయసింహ ఆమె పక్కనుంచి నడుస్తూ, "మీ మేనకోడలి సంగతి విన్నాను. చాలా బాధపడ్డాను" అన్నాడు.

ఆ క్షణం నుంచి హైమవతి ఏడవడం మానేసింది. అన్నం తింటున్నా, పని చేసుకుంటున్నా ఆమెకు ఒకటే ఆలోచన. ఆ నిజం ఏ కాగితం మీదా లేదు. అతని నోట్లో ఉంది. అతని నోరు తెరవాలి.

ఆ దారి అతనే చూపించాడు.

విచారణ సాగుతున్న కొద్దీ అతని ఇంటి ముందు జనం పెరిగారు. రాళ్ళు పడ్డాయి. కారు అద్దం పగిలింది. ఇంకోసారి సంఘం ముందుకు వెళ్ళవలసిన వారంలో, ఒక మధ్యాహ్నం, వెనక గేటు నుంచి ప్రయోగశాలకు వచ్చాడు. టీ కప్పు పట్టుకుంటే సాసరు మీద టకటకమని కొట్టుకుంది.

"నిద్ర లేదు డాక్టర్. కుక్క మొరిగినా చెమట పడుతోంది. ఎదుట కూర్చుంటే వాళ్ళు నా చేతులే చూస్తున్నారు. నాకూ ఒకటి పెట్టండి. గొడవ సద్దుమణిగాక తీసేద్దురుగాని. ఎవరికీ తెలియకూడదు."

 ఎంత ధైర్యం ఇతనికి, తన దగ్గరకే రావడానికి! మరుక్షణం హైమవతికి తెలిసింది. అది ధైర్యం కాదు. ఆమెను మనిషిగా లెక్కలోనే వేసుకోలేదు. గింజలు పెట్టే చెయ్యి అనుకున్నాడు, అంతే.

"పెడతాను" అంది. "ముందే చెబుతున్నాను. కొంచెం భయం ఉంచి కొంచెం తీయడం కుదరదు. దేనికీ భయపడరు. మనిషికీ, చావుకీ, చట్టానికీ కూడా."

"అదే కదా కావలసింది!"

"ఇంకేమైనా అడగాలా?"

"ఏమీ లేదు. మీ చెయ్యి మంచిదని విన్నాను."

ఆమె వెంటనే సూది తీసింది. సూది దింపుతున్నప్పుడు, ఇక్కడే ఒక్క నరం చీలిస్తే చాలు కదా అన్న ఊహ వచ్చింది. అలా పోతే అతను పెద్దమనిషిగానే పోతాడు. ఆమె సూదిని జాగ్రత్తగా, పోలయ్యకు పెట్టినంత జాగ్రత్తగా నడిపించింది.

*

విచారణను దేశమంతా టీవీలో చూసింది. హైమవతి మాత్రం ఆ గదిలోనే, మూడో వరసలో కూర్చుని ఉంది. పక్కన ధనుంజయ ఉన్నాడు. ఒంటరిగా వదలడానికి లేక ఆమె అతన్ని వెంటబెట్టుకునే తిరుగుతోంది.

జయసింహ ఈసారి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సంఘం పెద్ద అలవాటుగా అడిగాడు: "గింజ తీయాలని డాక్టర్ హైమవతి మీకు చెప్పారా?"

"చెప్పారు" అన్నాడు జయసింహ.

లాయరు గబుక్కున లేచాడు. జయసింహ చెయ్యూపి కూర్చోమన్నాడు.

"టీ తాగుతూ చెప్పారు. ఏడాది దాటితే తీయలేమని కూడా చెప్పారు. నాకు బాగా గుర్తు."

"మరి ఎందుకు తీయించలేదు?"

"తీస్తే వాళ్ళు మళ్ళీ వెళ్ళరు కదండీ. ఈ యుద్ధం ఎవడికీ ఇష్టం లేదు. భర్తీ శిబిరం పెడితే కుక్కలు తప్ప రాలేదు. ఉన్నవాళ్ళనే తిప్పి పంపాలి. భయం ఉన్నవాడు ఒకసారి చూసి వచ్చాక రెండోసారి వెళతాడా? అందుకని ఉంచెయ్యమన్నాను. నోటితోనే చెప్పాను. ఇలాంటివి కాగితం మీద పెట్టం."

"ఇళ్ళల్లో ప్రమాదాలు జరుగుతున్నాయని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటినుంచీ తెలుసు. ఎవరెవరు ఆ మాట విన్నారో కూడా చెబుతాను, రాసుకోండి" అని, పెద్ద పెద్ద పేర్లు ఒక్కొక్కటే వరసగా చెప్పాడు. ఏ పేరు దగ్గరా గొంతు తగ్గలేదు. మధ్యలో మంచినీళ్ళు అడిగి తాగాడు.

అబద్ధాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది అతని భయమే. ఆ ముడి ఊడగానే నిజం దానంతట అది రాలిపడింది. వెనక వరసల్లోంచి తల్లుల ఏడుపులు లేచాయి. హైమవతి పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. రక్తం ఉప్పగా నాలుకకు తగిలింది.

బయటకు రాగానే జయసింహ పోలీసులను దాటుకుని, చేతులూపుతూ జనంలోకి నడిచాడు. జనం కొట్టారు. పోలీసులు లాక్కుని వచ్చేసరికి మోచెయ్యి విరిగి ఉంది. అప్పుడు కూడా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తాపీగా వాళ్ళ వైపు చూస్తూనే ఉన్నాడు.

*

అతను పేర్లు చెప్పినవాళ్ళ రాజీనామాలు, అరెస్టులు, సైన్యం వెనక్కి రావడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. జనం స్వీట్లు పంచుకున్నారు. ధనుంజయ వాళ్ళ వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు తలలు దించుకుని హైమవతికి దారిచ్చారు. ఆమె వాళ్ళతో మాట్లాడలేదు.

జైలుకు వెళ్ళి జయసింహను చూసింది. చూడవలసింది ఒకటి అనుకుంటే కనబడింది మరొకటి. మనిషి ఒళ్ళు చేశాడు. కట్టు కట్టిన చేతిని ఊపుతూ, "రండి డాక్టర్! ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. ఉరి అంటున్నారు, యావజ్జీవం అంటున్నారు. ఏదైతేనేం?" అన్నాడు.

ఆమె వెంటనే బయటికి వచ్చేసింది. అతను నాశనమైతే అయ్యాడు గానీ, ఆ నాశనం అతనికి అంటలేదు. తన చేత్తో తానే అతనికి కవచం తొడిగింది.

కొన్నాళ్ళకు జయసింహ భార్య వచ్చింది. నగలు లేవు, జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. "ఆయన కేసు వాదించుకోనంటున్నారమ్మా. లాయర్ని చూసి నవ్వుతున్నారు. ఆ గింజ తీసెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తీస్తాను" అంది హైమవతి. "ఏడాది లోపల తియ్యాలి, ఇంకా సమయముంది. తీర్పు రానివ్వండి."

"తీర్పు వచ్చాక తీసి ఏం లాభం?"

హైమవతి లేచి ఆమెకు తలుపు తీసింది.

యావజ్జీవం పడింది. చనిపోయేదాకా జైలు, మధ్యలో విడుదల లేదు. ఆ తరవాత, కోర్టు అనుమతితో, జైలు ఆసుపత్రిలో ఒక ఉదయం ఆమె గింజను తీసేసింది. నరాలు ఇంకా అల్లుకోలేదు. సులభంగా వచ్చేసింది. పళ్ళెంలో పెట్టి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ధనుంజయ మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు.

మత్తు దిగేసరికి మధ్యాహ్నమైంది. ముందు జయసింహ వేళ్ళు కదిలాయి. దుప్పటి అంచును పిసకసాగాయి. కళ్ళు తెరిచి పైకప్పును చూశాడు, కిటికీ ఊచలను చూశాడు, తలుపును చూశాడు.

"తలుపెందుకు వేశారు?"

"జైలు కదా" అంది హైమవతి.

"నేను... అక్కడ... ఏం చెప్పాను?" అతని గొంతు చీలిపోయింది. "పేర్లు చెప్పానా? అందరి పేర్లూ?"

"అందరివీ."

"ఎన్నాళ్ళన్నారు?"

"చచ్చేదాకా."

అతను లేవబోయాడు. కాళ్ళు సహకరించలేదు. దుప్పటి తడిసింది. పళ్ళు టకటకమని కొట్టుకుంటుంటే, "వాళ్ళు లోపలే ఉన్నారు, వాళ్ళ మనుషులు ఈ జైల్లోనే ఉన్నారు, నన్ను చంపుతారు, డాక్టర్, మళ్ళీ పెట్టెయ్యండి, నీకు దండం పెడతానమ్మా, మళ్ళీ పెట్టెయ్" అని ఆమె చేతికోసం గాలిలో వెతికాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎన్ని నెలలుగానో ఆకలిగా ఉన్న చోట అన్నం పడినట్టుంది. తృప్తిగానే ఉంది. అతని ప్రతి వణుకునూ తనివితీరా చూసింది.

అప్పుడు ధనుంజయ ముందుకు వచ్చాడు. కొత్త వస్తువేదో చూస్తున్నట్టు వంగి, జయసింహ గుండె మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే ఉంచి, వింటున్నట్టు తల వాల్చాడు.

"అప్పా" అన్నాడు మెల్లగా. "పాప నీల్లలోకి ఎల్తున్నప్పుడు నాకిలగే కొట్టుకోవాలి గదా?"

హైమవతి తమ్ముడి వైపు తిరిగింది.

"ఇలగ కొట్టుకుంటే కాల్లు వాటంతటవే లెగిసిపోతాయి గదా" అన్నాడతను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం నిలకడగా ఉంది. "దీన్ని నాకెట్టడానికి అవదేటప్పా?"

జయసింహ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. విరిగి అతికిన చెయ్యి కూడా వణుకుతూ వచ్చి బిగుసుకుంది. "వెళ్ళకు బాబూ, నన్నొక్కణ్ణీ వదిలి వెళ్ళకు" అన్నాడు. ఎవరిని పట్టుకున్నాడో అతనికి తెలియదు. ధనుంజయ విడిపించుకోలేదు. ఉండమంటే ఉందామన్నట్టు మంచం అంచున కూర్చోబోయాడు.

హైమవతి లేచింది. జయసింహ వేళ్ళను ఒక్కొక్కటిగా తమ్ముడి చేతి మీదనుంచి ఊడదీసింది. చివరి వేలు రానంటే విరిచినంత పని చేసి లాగింది. తమ్ముడి భుజం పట్టుకుని తలుపు దాటించి, కాపలావాడితో గడియ వేయమంది.

లోపలినుంచి అరుపు మొదలైంది. ధనుంజయ వెనక్కి తిరిగి చూడబోయాడు.

"నడు" అంది హైమవతి. ముందు రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని, అవి దాటేదాకా ఆపింది.